హెలికాప్టర్, చిన్న విమానం చార్టర్: అడ్వాన్స్ కట్టే ముందు తెలుసుకోవాల్సిన రూల్స్

పెదపారుపూడి నుంచి మా మామూ ఈ మధ్య వాట్సాప్‌లో ఒక కొటేషన్ పంపారు. కొడుకు ఖతర్‌లో పని చేస్తున్నాడు. నిఖా రోజున దుల్హా హెలికాప్టర్‌లో దిగాలని ఇంట్లో పిల్లల ముచ్చట. "బేటా, నువ్వు బీకాం చదివావు కదా, ఈ రేటు సరిగ్గానే ఉందా చూడు" అన్నారు.

చూశాను. గంటకు ఇంత, ఖాళీగా వచ్చి పోవడానికి ఇంత, జీఎస్టీ ఇంత, అడ్వాన్స్ ఇంత. లెక్కలన్నీ ఉన్నాయి. ఆ హెలికాప్టర్ ఏ కంపెనీది, దాని రిజిస్ట్రేషన్ నంబర్ ఏంటి, ఎక్కడ దిగుతుంది, ఆ రోజు పొగమంచు పడితే ఏం చేస్తారు అన్నవి మాత్రం లేవు. కింద చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంది. ఏ కారణంతో రద్దయినా అడ్వాన్స్ తిరిగి ఇవ్వరట.

చూడ్డానికి అది డబ్బుల షరతు. నిజానికి అది భద్రత షరతు. డబ్బు పోతుందనే భయం ఉన్నచోట ఎగరడానికి వీల్లేని వాతావరణంలో కూడా "ఒక్కసారి ట్రై చేద్దాం సార్" అనే మాట పుడుతుంది. ఈ వ్యాసంలో చెప్పే రూల్స్ అన్నీ చివరికి అక్కడికే వస్తాయి. పెళ్లికైనా, పేషెంట్‌ని తరలించడానికైనా, యాత్రకైనా చార్టర్ మాట్లాడుకునే కుటుంబాలు ఈ పేజీ దగ్గర పెట్టుకుంటే ఉపయోగపడుతుంది.

చార్టర్ అంటే ఏమిటి?

ఇండిగో, ఎయిర్ ఇండియా లాంటివి టైంటేబుల్ ప్రకారం నడిచే సర్వీసులు. టికెట్ కొని ఎక్కుతాం. చార్టర్ అంటే మొత్తం విమానాన్నో హెలికాప్టర్‌నో మన పని కోసం అద్దెకు తీసుకోవడం. ఇలా అద్దెకు నడపాలంటే కంపెనీకి కేంద్ర పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ ఇచ్చే ప్రత్యేక పర్మిట్ ఉండాలి. దాని పేరు నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్. ఈ రంగంలో వాళ్లు ఎన్‌ఎస్‌ఓపీ అంటారు.

ఇక్కడ మూడు రకాల వాళ్లని విడివిడిగా చూడాలి.

ఒకటి, ఆపరేటర్. పర్మిట్ ఉన్న కంపెనీ. పైలట్లు, మెయింటెనెన్స్, భద్రత, ఇన్సూరెన్స్ బాధ్యత వీళ్లది.

రెండు, ఏజెంట్ లేదా బ్రోకర్. వీళ్ల దగ్గర విమానం ఉండదు. ఆపరేటర్‌తో మాట్లాడి కుదిర్చిపెడతారు. ఏజెంట్ ద్వారా వెళ్లడం తప్పేం కాదు. కానీ ఆపరేటర్ పేరు చెప్పని ఏజెంట్‌కి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

మూడు, సొంత విమానం ఉన్నవాళ్లు. పారిశ్రామికవేత్తలకు, కంపెనీలకు ప్రైవేటు కేటగిరీలో విమానాలు ఉంటాయి. వాటిలో వాళ్లు తిరగొచ్చు, వాళ్ల మనుషులని తిప్పొచ్చు. డబ్బు తీసుకుని బయటివాళ్లని ఎక్కించుకోకూడదు. పైలట్ ట్రైనింగ్ విమానాల సంగతీ అంతే. సొంత బండికి వైట్ నంబర్ ప్లేటు, ట్యాక్సీకి ఎల్లో ప్లేటు ఉన్నట్టే అనుకోండి. తేడా ఏంటంటే, విమానం మీద ఆ రంగు కనపడదు. కాగితం అడిగి చూడాల్సిందే.

చిన్న విమానాలు మనకి దూరపు సంగతి కావు. 2024 నవంబర్ 9న విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌ని ప్రయోగాత్మకంగా నడిపారు, ముఖ్యమంత్రి చంద్రబాబు అందులో ప్రయాణించారు. ఎన్నికలు వస్తే గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ మైదానాల్లో హెలికాప్టర్లు దిగుతాయి. ఇప్పుడు పెళ్లిళ్లకి కూడా అడుగుతున్నారు. అవసరం పెరిగినప్పుడు దానితోపాటు తెలివిడి కూడా పెరగాలి.

అడగాల్సిన కాగితాలు

ఇవి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. సక్రమంగా నడిపే ఆపరేటర్ అరగంటలో పంపిస్తాడు.

పర్మిట్: కంపెనీ పేరు మీద ఎన్‌ఎస్‌ఓపీ కాపీ. గడువు తేదీ చూడాలి. పర్మిట్ ఉన్న కంపెనీల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. పేరు అక్షరం అక్షరం సరిపోవాలి.

రిజిస్ట్రేషన్: మన దేశపు విమానాల నంబర్ "వీటీ" అక్షరాలతో మొదలై, ఆ తర్వాత మరో మూడు అక్షరాలు ఉంటాయి. మీరు ఎక్కబోయే విమానం నంబర్ ఆ కంపెనీ పర్మిట్‌లో ఉందో లేదో చూసుకోవాలి. కంపెనీకి పర్మిట్ ఉన్నా, ఆ ఫలానా విమానం దానిలో లేకపోతే లాభం లేదు. చివరి నిమిషంలో వేరే విమానం పంపిస్తే దాని కాగితాలు కూడా మళ్లీ అడగాలి.

ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్, దాని రివ్యూ సర్టిఫికెట్: మన కారుకి ఫిట్‌నెస్ లాంటివి. రివ్యూ సర్టిఫికెట్ ఆ రోజుకి అమల్లో ఉండాలి.

ఇన్సూరెన్స్: ప్రయాణికులకు, కింద ఉన్న మూడో వ్యక్తులకు కవర్ ఉందా? ఎంతమందికి? తేదీ ఎప్పటిదాకా? ఈ మూడూ చూడాలి.

పైలట్ లైసెన్స్: డబ్బు తీసుకుని నడిపే విమానానికి కమర్షియల్ పైలట్ లైసెన్స్ లేదా అంతకు పై లైసెన్స్ ఉండాలి. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ సరిపోదు. వాణిజ్య విమానాలు నడపడానికి పైలట్ వయసు పరిమితి 65 ఏళ్లు. ఆ రకం విమానం మీద ఆ పైలట్‌కి ఎంత అనుభవం ఉందో అడగండి.

మద్యం విషయంలో రూల్ గట్టిది. డ్యూటీకి ముందు 12 గంటల్లో సిబ్బంది మద్యం ముట్టకూడదు, బ్రెత్ టెస్ట్ కూడా ఉంటుంది. మొదటిసారి దొరికితే లైసెన్స్ మూడు నెలలు, రెండోసారి మూడేళ్లు సస్పెండ్ అవుతుంది. మూడోసారికి రద్దే.

విశ్రాంతి గురించి కూడా అడగండి. పైలట్ డ్యూటీ గంటలకీ, విశ్రాంతికీ పరిమితులు ఉన్నాయి. తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరి, పొద్దంతా మన పెళ్లి దగ్గర ఎండలో కూర్చుని, సాయంత్రం ఆలస్యంగా తిరుగు ప్రయాణం కట్టే పైలట్ అలసిపోయి ఉంటాడు. మనవైపు ఆలస్యం జరిగితే ఆ గంటలు ఆయన లెక్కలోకే వెళ్తాయి.

కొవ్వాడలంక మర్చిపోవద్దు

గుడివాడ నుంచి కైకలూరు వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్న కైకలూరు అప్పట్లో కృష్ణా జిల్లాలోనే ఉండేది. 2002 మార్చి 3 ఉదయం లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్‌కి బెల్ 206 హెలికాప్టర్‌లో బయల్దేరారు. అది ప్రైవేటు సంస్థ హెలికాప్టర్. కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలిపోయింది. బాలయోగితో పాటు ఆయన భద్రతా సిబ్బందిలో ఒకరు, పైలట్ చనిపోయారు.

దర్యాప్తులో తేలింది క్లుప్తంగా ఇది. ముందు సరిగ్గా కనిపించక పైలట్ దిగడానికి ప్రయత్నించారు. నేల అనుకున్నది చెరువు. అది గమనించి మళ్లీ పైకి లేపుతుంటే రెక్క కొబ్బరి చెట్టుకి తగిలింది.

మన డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. చలికాలం పొద్దున్న పొలాల మీద, చెరువుల మీద మంచు దుప్పటి కప్పినట్టు ఉంటుంది. నిలిచి ఉన్న నీళ్లకీ, బూడిద రంగు ఆకాశానికీ తేడా తెలియదు. గట్ల మీద కొబ్బరి చెట్లు, చెరువుల మధ్య కరెంటు తీగలు. కొల్లేరు చుట్టూ గూడబాతులు, కొంగలు గుంపులుగా ఎగురుతుంటాయి. గన్నవరంలో కూడా శీతాకాలం పొద్దున పూట మంచుకి పెద్ద విమానాలే ఆలస్యమవుతాయి. వాళ్లకి రన్‌వే లైట్లు, దారి చూపే పరికరాలు ఉంటాయి. మన ఊరి మైదానంలో దిగే హెలికాప్టర్‌కి పైలట్ కళ్లే ఆధారం.

కనిపించే దూరం రూల్

కళ్లతో చూస్తూ నడిపే ప్రయాణాన్ని విజువల్ ఫ్లైట్ రూల్స్ కింద నడపడం అంటారు. సాధారణ నియమం ప్రకారం ముందు కనీసం 5 కిలోమీటర్ల దూరం కనిపించాలి. మబ్బులకి పక్కలకు 1,500 మీటర్లు, పైకీ కిందకీ 300 మీటర్ల ఎడం ఉండాలి. సూర్యాస్తమయం అయిన 20 నిమిషాల తర్వాత నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు వరకు ఇలాంటి ప్రయాణాలు చేయకూడదు. స్థానికంగా, ట్రైనింగ్ కోసం ఎగిరేవాటికి కంట్రోల్ టవర్ ఇచ్చే మినహాయింపు వేరే విషయం.

దీన్నిబట్టి మన పెళ్లి టైంటేబుల్ చూసుకోండి. మగ్రిబ్ తర్వాత దుల్హా హెలికాప్టర్‌లో దిగడం అనే ప్లాన్ మొదట్లోనే కొట్టేయాలి. శీతాకాలంలో ఫజర్ అవగానే బయల్దేరడం కూడా మంచిది కాదు. పొద్దున 9 గంటలు దాటి మంచు విడిచాక, మధ్యాహ్నం వేడి ముదరక ముందు ఉన్న టైం మేలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనది తుపాన్ల కాలం. మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. దాని చిత్రాలు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. మీరు చూసుకోండి, కానీ నిర్ణయం పైలట్‌ది.

మిగతా ప్రమాదాలు నేర్పిన పాఠాలు

2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ వెళ్తూ బెంగళూరు జక్కూరు నుంచి సెస్నా 180 అనే చిన్న విమానం ఎక్కారు. ఎగిరిన కొద్దిసేపటికే కూలిపోయింది. ఆమె, ఆమె అన్నయ్య సహా నలుగురు పోయారు. ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం తక్కువ ఎత్తులో ఉండగా ఏ సమస్య వచ్చినా సర్దుకోడానికి టైం ఉండదు. అందుకే బయల్దేరే ముందు చెకింగ్‌కి అంత విలువ. పైలట్ విమానం చుట్టూ తిరిగి చూస్తుంటే తొందరపెట్టకండి.

2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 నల్లమల అడవుల్లో కూలి ఐదుగురు చనిపోయారు. అది చార్టర్ కాదు, ప్రభుత్వ హెలికాప్టర్. రెండు ఇంజిన్లు, ఇద్దరు అనుభవం ఉన్న పైలట్లు. దారిలో ఉరుముల మేఘాలు. అదే సమయంలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వచ్చింది. సిబ్బంది దృష్టి దాని మీదే ఉండిపోయిందని, హెలికాప్టర్ కిందికి తోసే బలమైన గాలిలో చిక్కుకుందని దర్యాప్తు కమిటీ చెప్పింది. ఆచూకీ మర్నాటి ఉదయానికి గానీ దొరకలేదు. రెండు ఇంజిన్లు ఉంటే మంచిదే. కానీ ఉరుము మేఘం ఇంజిన్లు లెక్కపెట్టదు.

2023 సెప్టెంబర్ 14న విశాఖపట్నం నుంచి ముంబై వెళ్లిన లియర్‌జెట్ 45 చార్టర్ విమానం జోరు వానలో దిగుతూ రన్‌వే పక్కకి జారిపోయింది. అప్పుడు కనిపించే దూరం 700 మీటర్లే అని డీజీసీఏ చెప్పింది. లోపల ఉన్న ఎనిమిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. జెట్ అయినా, పెద్ద ఎయిర్‌పోర్టు అయినా వాతావరణం ముందు అందరూ సమానమే.

2025 మే 8న ఉత్తరాఖండ్‌లో యాత్రికులని తీసుకెళ్తున్న బెల్ 407 ఉత్తరకాశీ దగ్గర కూలి ఆరుగురు చనిపోయారు. మృతుల్లో ఒకరు, బతికిన ఒకే ఒక్కరు మన ఆంధ్రప్రదేశ్ వాళ్లే. ప్రాథమిక నివేదిక ప్రకారం రోడ్డు మీద దిగడానికి ప్రయత్నిస్తుండగా రెక్క పైన వెళ్తున్న కేబుల్‌కి తగిలింది. ఈ పాఠం మన ఊళ్లకి నేరుగా వర్తిస్తుంది. మనకి కరెంటు లైన్‌తో పాటు కేబుల్ టీవీ వైర్లు, ఇంటర్నెట్ ఫైబర్లు స్తంభం నుంచి స్తంభానికి వేలాడుతుంటాయి. గాల్లోంచి సన్న తీగ కనపడదు.

బరువు లెక్క

చార్టర్ వాళ్లు ప్రతి ఒక్కరి బరువు అడుగుతారు. ఆడవాళ్ల బరువు అడిగారని కోపం తెచ్చుకోకండి, తగ్గించి చెప్పకండి. బెల్ 206లో పైలట్ కాక నలుగురు, బెల్ 407లో పైలట్ కాక ఆరుగురు కూర్చోవచ్చు. సీట్లు ఉన్నాయి కదా అని నిండా ఎక్కించేయడం కుదరదు. మనుషులు, లగేజీ, ఇంధనం కలిపి ఒక పరిమితి ఉంటుంది. మనిషి ఎక్కువైతే ఇంధనం తగ్గించాలి. ఇంధనం తగ్గితే, మంచు పడి వెనక్కి మళ్లాల్సి వస్తే మిగులు ఉండదు.

ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కకి పట్టు తక్కువ, ఇంజిన్‌కి శక్తి తక్కువ. జనవరిలో ఐదుగురిని మోసిన హెలికాప్టర్ మే నెల మధ్యాహ్నం ముగ్గురినే మోయగలనంటే అది సాకు కాదు. బరువు ఎంత అనేదే కాకుండా ఎక్కడ ఉంది అనేదీ లెక్కే. పైలట్ ఒకరిని ముందు, ఒకరిని వెనక కూర్చోమంటే అలాగే కూర్చోవాలి. రెండేళ్లు దాటిన పిల్లలకి సొంత సీటు, సొంత బెల్టు ఉండాలి. పెళ్లికూతురి సూట్‌కేసులు కారులో పంపండి.

దిగే చోటు

ఎయిర్‌పోర్టు కాని చోట హెలికాప్టర్ దిగాలంటే జిల్లా యంత్రాంగం అనుమతి కావాలి. కృష్ణా జిల్లా వాళ్లకి అది మచిలీపట్నం కలెక్టరేట్. పోలీసు, అగ్నిమాపక శాఖ, కరెంటు వాళ్లు, స్థలం యజమాని అంగీకారం కూడా చూసుకోవాలి. స్కూలు మైదానం అయితే స్కూలు ఉన్న రోజు వద్దు. ఎగిరే ముందు ఆపరేటర్ ఫ్లైట్ ప్లాన్ ఇచ్చి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబర్ తీసుకోవాలి. మనవైపు గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర కాబట్టి అక్కడి కంట్రోల్ టవర్‌తో సమన్వయం తప్పనిసరి. ఇవి ఆపరేటర్ పనులు, కానీ "అయ్యాయా" అని అడగడం మన పని.

స్థలం చూసేటప్పుడు ఇవి గమనించండి.

నేల గట్టిగా, సమంగా ఉండాలి. మన నల్లరేగడి వాన పడితే ఊబి. కోత అయిన వరిచేను పైకి గట్టిగా కనిపించినా లోపల మెత్తగా ఉండొచ్చు.

వచ్చే దారిలో, పోయే దారిలో తీగలు, కొబ్బరి చెట్లు, సెల్ టవర్లు ఉండకూడదు. స్థలం ఫొటోలు చాలవు. ఆపరేటర్ మనిషి ముందే వచ్చి చూడాలి.

షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లెక్సీలు దూరంగా ఉండాలి. రెక్కల గాలికి అవి ఎగిరి రెక్కలోకే వెళ్తాయి. దుమ్ము లేవకుండా ముందే నీళ్లు చల్లించండి.

గాలి దిశ తెలిసే గుడ్డ గొట్టం, నేల మీద "హెచ్" గుర్తు, ఫైర్ ఇంజిన్ లేదా మంటలార్పే సిలిండర్లు, అంబులెన్స్ ఉండాలి.

జనాన్ని తాళ్లు కట్టి దూరంగా ఆపాలి. హెలికాప్టర్ అనగానే ఊరు ఊరంతా పరిగెత్తుకొస్తుంది, ముందు పిల్లలే. ఇద్దరు ముగ్గురు వాలంటీర్లు చాలరు, పోలీసుల సాయం అడగాలి.

బాణాసంచా, డ్రోన్ కెమెరాలు పూర్తిగా వద్దు. హెలికాప్టర్ వస్తుంటే వీడియో కోసం డ్రోన్ ఎగరేయడం ప్రాణాలతో చెలగాటం. పైనుంచి పూలు చల్లడం కూడా మన ఇష్టం కాదు. ఎగురుతున్న విమానం నుంచి వస్తువులు పడేయడానికి ముందుగా అనుమతి ఉండాలి.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

రెక్కలు పూర్తిగా ఆగాకే దగ్గరికి వెళ్లడం ఉత్తమం. ఆగకుండా ఎక్కించాల్సి వస్తే సిబ్బంది చేయి పట్టుకుని తీసుకెళ్తేనే వెళ్లాలి. పైలట్‌కి కనిపించేలా ముందు నుంచి లేదా పక్క నుంచి, తల వంచి నడవాలి. తోక వైపు ఎప్పుడూ వెళ్లకూడదు. తోక దగ్గర ఉండే చిన్న రెక్క తిరుగుతుంటే కంటికి కనపడదు.

దుపట్టా, బుర్ఖా, టోపీ, దుల్హా సెహ్రా, శాలువా, ఇవన్నీ గాలికి లేచేవే. దుపట్టా ఒంటికి చుట్టి పిన్ పెట్టుకోవాలి. సెహ్రా సంచిలో పెట్టుకుని దిగాక కట్టుకోవచ్చు. టోపీ ఎగిరిపోతే దాని వెనక పరిగెత్తొద్దు. గొడుగు, సెల్ఫీ స్టిక్ పైకెత్తొద్దు. పిల్లల చేతులు పెద్దవాళ్ల చేతిలో ఉండాలి.

లోపల కూర్చున్నాక పైలట్ చెప్పేది వినాలి. బెల్టు ఎలా తీయాలి, తలుపు ఎలా తెరవాలి, మంటలార్పే సిలిండర్ ఎక్కడుంది అనేవి చెప్పకపోతే మీరే అడగండి. సముద్రం మీదుగా, నది మీదుగా దారి ఉంటే లైఫ్ జాకెట్ ఉందో లేదో అడగండి. ప్రమాదం జరిగితే ఉపగ్రహానికి సిగ్నల్ పంపే ఈఎల్‌టీ పరికరం ఉందా అనేది కూడా అడగాల్సిన ప్రశ్నే.

పేషెంట్ ఉన్నప్పుడు

పెళ్లి వాయిదా వేయొచ్చు, పేషెంట్ విషయం అలా కాదు. అందుకే ఎయిర్ అంబులెన్స్ మాట్లాడేటప్పుడు కంగారులో తప్పులు జరుగుతాయి. ఇక్కడ కూడా ఆపరేటర్‌కి అదే పర్మిట్ కావాలి. దానితోపాటు వెంట వచ్చే డాక్టర్, నర్సు ఎవరు, వెంటిలేటర్, ఆక్సిజన్ ఎంతసేపటికి సరిపోతాయి అనేవి కాగితం మీద ఉండాలి. మన ఇంట్లో వాడే ఆక్సిజన్ సిలిండర్ విమానంలోకి తీసుకురాకూడదు.

చికిత్స చేస్తున్న డాక్టర్ నుంచి ప్రయాణానికి ఫిట్ అనే సర్టిఫికెట్ తీసుకోండి. పైకి వెళ్లే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, శరీరంలో ఎక్కడైనా చిక్కుకున్న గాలి వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లకి, ఈ మధ్యే పొట్ట, తల, కంటి ఆపరేషన్ అయినవాళ్లకి ఇది ప్రమాదం. ఈ సంగతి డాక్టర్‌కి గుర్తు చేయడం తప్పు కాదు.

ఇంకొక లెక్క. గుడివాడ ఆస్పత్రి నుంచి గన్నవరానికి అంబులెన్స్, అక్కడ విమానం వచ్చేదాకా వెయిటింగ్, హైదరాబాద్‌లో దిగాక మళ్లీ అంబులెన్స్. మొత్తం కలిపితే మంచి ఐసీయూ అంబులెన్స్‌లో రోడ్డు మీద వెళ్లడమే తొందరగా అయ్యే సందర్భాలు ఉంటాయి. ఢిల్లీకో చెన్నైకో అయితే లెక్క మారుతుంది. ఆకాశంలో గంట అనే మాటతో ఆగకుండా, మంచం నుంచి మంచానికి ఎంతసేపు అని అడగండి.

డబ్బు, రద్దు షరతు

కొటేషన్‌లో ఈ అంశాలు విడివిడిగా ఉండాలి: ఎగిరే గంటల ఛార్జీ, కనీస గంటలు, ఖాళీగా వచ్చి పోయే ఛార్జీ, ల్యాండింగ్, పార్కింగ్, వెయిటింగ్, సిబ్బంది బస, హెలిప్యాడ్ ఏర్పాట్లు, పన్ను. మన దగ్గరికి మెషీన్ హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఖాళీగా రావాలి కాబట్టి ఆ ఖర్చు పెద్దది. అందుకే మార్కెట్ కంటే బాగా తక్కువ రేటు కనిపిస్తే సంతోషపడకుండా దేన్ని తగ్గించారో అడగండి. తగ్గించగలిగేవి మెయింటెనెన్స్, ఇన్సూరెన్స్, పైలట్ లాంటివే అయితే ఆ డిస్కౌంట్ మనకొద్దు.

ఇక రద్దు షరతు. ఒప్పందంలో ఈ అర్థం వచ్చేలా రాయించుకోండి:

"వాతావరణం, సాంకేతిక కారణం లేదా భద్రత దృష్ట్యా ప్రయాణం మొదలుపెట్టకూడదని, ఆపాలని, దారి మార్చాలని పైలట్ ఒక్కరే నిర్ణయిస్తారు. కస్టమర్ గానీ ఏజెంట్ గానీ దాన్ని ప్రశ్నించరు. అలా రద్దయితే ఎగరని గంటల డబ్బు కస్టమర్‌కి ఇన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, లేదా వేరే తేదీ ఇస్తారు."

దీనితో రెండు వైపులా ఒత్తిడి పోతుంది. ఎగిరితేనే డబ్బు అనే ఆశ ఆపరేటర్‌ని తొయ్యకూడదు. డబ్బు పోతుందనే బాధ మనల్ని తొయ్యకూడదు. సిబ్బంది రాకపోకలకి నిజంగా అయిన ఖర్చు పట్టుకుంటామంటే ఒప్పుకోండి, అది న్యాయమే. మొత్తం మింగేస్తామంటే ఒప్పుకోవద్దు. చెల్లింపు ఆపరేటర్ కంపెనీ ఖాతాకి, జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లుతో జరగాలి. వ్యక్తుల ఫోన్ నంబర్లకి పంపొద్దు.

మోసం జరిగితే ఈ కాగితాలే ఆధారం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా మచిలీపట్నంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. పర్మిట్ లేకుండా నడుపుతున్నారని తెలిస్తే డీజీసీఏకి రాయాలి. ప్రమాదాలపై విచారణ చేసే ఏఏఐబీ వేరే సంస్థ, 2012లో ఏర్పడింది. దాని పని శిక్ష వేయడం కాదు, కారణం కనిపెట్టి మళ్లీ జరగకుండా చూడటం.

ప్లాన్ బీ లేకుండా బుక్ చేయొద్దు

చార్టర్ తీసుకున్న ప్రతి కుటుంబం అదే రోజుకి కారు కూడా సిద్ధంగా పెట్టుకోవాలి. ఖాజీ సాహెబ్‌కి, పెళ్లికూతురు వాళ్లకి ముందే చెప్పాలి: హెలికాప్టర్ రాకపోతే దుల్హా కారులో వస్తాడు, నిఖా టైంకే జరుగుతుంది అని. ఈ మాట ముందే చెప్పిన ఇంట్లో ఆ రోజు పొద్దున పైలట్ ఫోన్ చేసి "ఈరోజు కుదరదు" అంటే ఎవరి పరువూ పోదు. చెప్పని ఇంట్లోనే పైలట్‌కి ఫోన్ల మీద ఫోన్లు వెళ్తాయి.

మామూకి ఇదంతా చెప్పి, ఏజెంట్‌ని మూడు ప్రశ్నలు అడగమన్నాను. ఆపరేటర్ పేరేంటి, విమానం నంబర్ ఎంత, వాతావరణం బాగోలేక రద్దయితే డబ్బు ఇస్తారా. మొదటి దానికి "అదంతా మేం చూసుకుంటాం" అన్నాడట. రెండోదానికి రేపు చెప్తానన్నాడు. మూడోదానికి ఫోన్ పెట్టేశాడు. మామూ అడ్వాన్స్ కట్టలేదు. పర్మిట్ ఉన్న కంపెనీని నేరుగా సంప్రదించి, పైన చెప్పిన షరతు రాస్తేనే ముందుకు వెళ్దామని, లేకపోతే కారుకే పూలు కట్టిద్దామని ఇంట్లో తీర్మానించారు. ఖతర్ నుంచి అబ్బాయి కూడా సరే అన్నాడు.